అమెరికన్ ఫుట్‌బాలా, రగ్బీనా, సాకరా: ఏది చూడాలి?

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికాలో, న్యూజెర్సీలోని మా ఎడిసన్‌లో కొత్తగా దిగిన కుర్రాళ్లది ఒకటే ప్రశ్న: "అన్నా, ఈ కోడిగుడ్డు బంతి ఆట అర్థం చేసుకోవడం అవసరమా, సాకర్‌తో (మన దగ్గర ఫుట్‌బాల్ అనేదే) సరిపెట్టుకోవచ్చా?" ఈమధ్య కొందరు రగ్బీనీ కలుపుతున్నారు.

చేత్తో ఆడేదానికి ఫుట్‌బాల్ అని పేరేంటన్న గొడవ పక్కన పెట్టండి. నా మటుకు తేల్చేది ఒక్కటే, ఆట ఎక్కడ ఆగుతుందన్నది.

రగ్బీలో మనిషిని పడేసినా ఆట ఆగదు. పడ్డవాడు బంతి వదిలేయాలి, దాని కోసం తోపులాట, మళ్లీ పరుగు. చేత్తో పక్కకో వెనక్కో తప్ప ముందుకు విసరకూడదు. 80 నిమిషాలు చూసేవాళ్లకే ఆయాసం వస్తుంది. అమెరికన్ ఆటలో మనిషిని పడేస్తే విజిల్, మళ్లీ వరస కట్టాలి. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు దాటకపోతే బంతి అవతలివాళ్లది.

ఈ ఆగడం పుట్టుకతో వచ్చింది కాదు. 1869 నవంబరు 6న మా పక్కనే ఉన్న న్యూ బ్రన్స్‌విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల జట్లు 25 మంది చొప్పున ఆడింది సాకర్‌కే దగ్గర. బంతి పట్టుకుని పరిగెత్తడం లేదు. 6-4తో రట్గర్స్ గెలిచింది. 1874లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీతో ఆడాక హార్వర్డ్ యూనివర్సిటీవాళ్లు రగ్బీ రుచి మరిగారు. 1880లో యేల్ కాలేజీకి చెందిన వాల్టర్ క్యాంప్ తోపులాట తీసేయించి, బంతి ఒక జట్టు చేతికిచ్చి మొదలుపెట్టే పద్ధతి తెచ్చాడు. దాంతో బంతి దొరికినవాళ్లు వదలకుండా కూర్చున్నారు! అందుకే 1882లో మూడు ప్రయత్నాల్లో 5 గజాలన్న షరతు వచ్చింది. ముందుకు విసరడం 1906లోగానీ ఒప్పుకోలేదు.

బంతి బంతికీ ఫీల్డర్లను మార్చడం చూస్తూ పెరిగినవాళ్లం కదా, మనకిది ఇట్టే ఎక్కుతుంది. మూడో ప్రయత్నం, ఇంకా 2 గజాలు కావాలంటే ఆఖరి ఓవర్ టెన్షనే. పరిగెత్తుతారా, విసురుతారా అని సోఫాలో వాదించుకోవడానికి టైముంటుంది. రగ్బీలో ఆ తీరిక దొరకదు.

లోపం లేదా అంటే, ఉంది. 60 నిమిషాల ఆట మూడు గంటలు సాగుతుంది, బంతి నిజంగా కదిలేది పదకొండు నిమిషాలేనని లెక్కగట్టినవాళ్లున్నారు. "ఆట మధ్యలో యాడ్సా, యాడ్స్ మధ్యలో ఆటా?" అని మా ఆవిడ అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు. సాకర్ ఆ విషయంలో హాయి, పిల్లలు ఆడుకోవడానికైతే నా ఓటు దానికే. ఒక్క బంతి చాలు.

కెనడా ఫుట్‌బాల్‌లో జట్టుకు 12 మంది, మూడే ప్రయత్నాలు. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌ది ఓవల్ మైదానం, జట్టుకు 18 మంది. దొరికితే చూడండి.

అమెరికన్ ఆటతో మొదలుపెడితే మాత్రం కాసేపు బంతిని వదిలేయండి. విజిల్ పడ్డాక రెండు జట్లూ ఎలా సర్దుకుంటున్నాయో, అవతలివాళ్లను చూసి క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపించేవాడు) ఏం అరిచి మారుస్తున్నాడో చూడండి.