షావోలిన్, వుడాంగ్, బిచ్చగాళ్ల సంఘం: చేరితే ఎందులో చేరాలి?

వూషియా కథల (చైనా యుద్ధవిద్యల వీరగాథల) పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, షావోలిన్ గొప్పదా వుడాంగ్ గొప్పదా అని మొదలుపెడతారు. బలం లెక్కలో ఈ గొడవ ఎప్పటికీ తెగదు, కథకు ఎవరు గెలవాలో వాళ్లే గెలుస్తారు కాబట్టి. నా ప్రశ్న వేరే. మీరు హీరో కాదు, లోయలో పడితే రహస్య గ్రంథం దొరికే జాతకం మీది కాదు, మామూలు శిష్యుడు. అప్పుడు ఎవరి గుమ్మం తొక్కాలి? హాంకాంగ్ రచయిత జిన్ యోంగ్ నవలల్లో కనిపించే షావోలిన్, వుడాంగ్, బిచ్చగాళ్ల సంఘం అనే ఈ మూడు యుద్ధవిద్యా సంఘాలనే ముఖ్యంగా తీసుకుంటున్నాను.

షావోలిన్ పేరుకు తిరుగులేదు. హెనాన్‌లోని సోంగ్‌షాన్ మీద 495లో, భారతదేశం నుంచి వెళ్లిన బతువో అనే భిక్షువు కోసం కట్టించిన ఆలయం అది. 621లో అక్కడి సన్యాసులు, తర్వాత టాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్ పక్షాన నిజంగానే యుద్ధంలోకి దిగారు. నవలల్లో దానికి డెబ్బై రెండు విద్యలు, గ్రంథాలయం. సరే, గుండు కొట్టించుకుని మాంసం, మందు, పెళ్లి మానేస్తారనుకుందాం. నన్ను భయపెట్టేది అది కాదు, గురువు నేర్పకుండా నేర్చుకుంటే అక్కడ నేరం. ఎప్పుడో వంటశాల పనివాడొకడు దొంగచాటుగా విద్య నేర్చి ఒక పెద్ద భిక్షువును చంపేశాడు, ఆ కోపం తర్వాతి తరాల మీద కూడా పడింది. ఒక కుర్రాడు బహుమతిగా వచ్చిన ఇనుప బొమ్మలను చూసి నాలుగు పట్లు నేర్చుకుని, వాటితోనే ఆలయం మీదికి సవాలుకొచ్చినవాణ్ణి నిలువరిస్తే, శభాష్ అనడం పోయి వాణ్ణి పట్టుకోండి అన్నారు! పెంచిన భిక్షువు వాణ్ణి నీళ్లు మోసే ఇనుప బకెట్లో వేసుకుని పరిగెత్తాల్సి వచ్చింది. ఆ కుర్రాడే పెద్దయ్యాక వుడాంగ్ స్థాపించిన జాంగ్ సాన్‌ఫెంగ్. పోటీ సంఘాన్ని చేతులారా తయారుచేసుకున్నారన్నమాట.

వుడాంగ్ కొండలు హుబెయ్‌లో ఉన్నాయి, మింగ్ చక్రవర్తి యోంగ్లె 1412 నుంచి అక్కడ వరుసగా గుళ్లు కట్టించాడు. నవలల్లో ఇక్కడి శిష్యులు పెళ్లి చేసుకోవచ్చు, పిల్లలుంటారు, గురువు జాంగ్ సాన్‌ఫెంగ్ కూడా కన్నతండ్రిలా చూస్తాడు. శత్రువులు ఎదురుగా నిలబడి చూస్తుండగానే ముసలాయన తన శిష్యుడి కొడుకు జాంగ్ వూజీకి తైజీ కత్తి విద్య చూపించి, ఎంత మర్చిపోయావని (కదలికలు మర్చిపోతేనే సారం పట్టినట్టు) అడుగుతాడే, ఆ ఘట్టం చదివాక ఎవరికైనా అక్కడే చేరిపోవాలనిపిస్తుంది. చిక్కేమిటంటే అంతా ఆ ఒక్క మనిషి మీదే నడుస్తోంది. ఆయన నూరేళ్ల పుట్టినరోజునే ఒక శిష్యుడు ప్రాణం తీసుకున్నాడు, పెద్ద శిష్యుడి కొడుకు సొంత బాబాయిలాంటివాణ్ణి చంపాడు. ముసలాయనే లేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఎమెయ్ అనే ఇంకో సంఘం వద్దే వద్దు. అక్కడి అధిపతి చెప్పినట్టు వినని శిష్యురాల్ని తన చేత్తోనే చంపింది. హువాషాన్ సంఘంలో కత్తి విద్య ముఖ్యమా లోపలి ఊపిరి బలం ముఖ్యమా అని ఒకరినొకరు నరుక్కున్నారు, అక్కడా సుఖం లేదు.

ఇక బిచ్చగాళ్లు. ఇక్కడ హోదా అంటే వీపున మోసే సంచులు, తొమ్మిది సంచులుంటే పెద్ద తలకాయ. కులం, డబ్బు, రూపం ఎవరూ అడగరు, కొట్టడం రాకపోయినా ఊరూరా తిరిగి వార్తలు మోస్తే చాలు, మీ అవసరం ఉంటుంది. అధిపతి హోంగ్ చీగోంగ్ సంఘంలో లేని గువో జింగ్ అనే కుర్రాడికి కూడా డ్రాగన్ అరచేతి దెబ్బలు నేర్పాడు, కారణం ఏంటో తెలుసా, అతని ప్రియురాలు హువాంగ్ రోంగ్ వండిపెట్టిన వంటలు! తర్వాత ఆ టీనేజ్ పిల్లనే అధిపతిని చేశాడు. షావోలిన్‌లో ఇది ఊహించగలరా?

మరి ఇంకో నవలలో ఇదే సంఘానికి అధిపతైన చియావో ఫెంగ్ సంగతేంటి అంటారు. నిజమే, అంత సేవ చేసినవాణ్ణి పుట్టుక ఖితాన్ (అప్పటి చైనాకు శత్రుజాతి) అని తెలియగానే పదవి వదిలి వెళ్లిపోయేలా చేశారు, అది క్షమించరానిది. కానీ ఆయన అధిపతి కాబట్టి పుట్టుక తవ్వారు, ఒక్క సంచి మోసే మీ పుట్టుక ఎవడు తవ్వుతాడు?

అందుకే విద్య మీదే ధ్యాసైతే, ముసలాయన బతికున్నన్నాళ్లూ వుడాంగ్. మామూలు మనిషిగా బతకాలంటే నా ఓటు బిచ్చగాళ్లకే. చేరేటప్పుడు మాత్రం శుభ్రమైన బట్టల వర్గమే అడగండి, రెండోదైన మురికి బట్టల వర్గంలో నిజంగానే అడుక్కోవాలి.