ఫోర్‌కాస్ట్ కోసం కొన్నాం, లీడ్ టైమ్ రిపోర్ట్ ఆదుకుంది

విడిభాగాల గోడౌన్‌కి ఏ ఐటమ్ ఎప్పుడు, ఎంత ఆర్డర్ పెట్టాలో చెప్పే అనలిటిక్స్ సాఫ్ట్‌వేర్‌ని కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. అంతకుముందు అంతా ఎక్సెల్‌లోనే నడిచేది. కొనొచ్చా అని అడిగితే, కొనొచ్చనే చెప్తాను. డెమోలో చూపించే డిమాండ్ గ్రాఫ్‌లకు మాత్రం పడిపోకండి.

మాకు అసలు లాభం తెచ్చింది సప్లయర్ల లీడ్ టైమ్ రిపోర్ట్, అంటే ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పేది. ఆర్డర్ పెట్టిన తేదీ, సరుకు దిగిన తేదీ తీసుకుని, సగటుతో పాటు హెచ్చుతగ్గులు కూడా లెక్కగడుతుంది. ఉదాహరణకి ఒక బేరింగ్ రోజుకు సగటున 20 పోతుంది, ప్రామాణిక విచలనం (సగటుకి అటూఇటూ ఎంత మారుతుందో చెప్పే కొలత) 6 అనుకుందాం. సరుకు ప్రతిసారీ సరిగ్గా 9 రోజులకే వస్తే, ఆలోగా స్టాక్ అయిపోదన్న 95 శాతం భరోసాకి 30 బేరింగ్‌ల సేఫ్టీ స్టాక్ (అనుకోని అవసరానికి అదనంగా ఉంచే సరుకు) చాలు. సగటు అదే 9 రోజులైనా, అందులో 4 రోజుల విచలనం ఉంటే 135 దాకా పెట్టుకోవాలి. అమ్మకాలు ఏమీ మారలేదు, సరుకు ఎప్పుడొస్తుందో తెలియనందుకే అంత డబ్బు ర్యాక్‌లో ఇరుక్కుపోతుంది. ఈ లెక్క సప్లయర్ ముందు పెట్టాక మా బేరాల తీరే మారింది. ధర తగ్గించమని పట్టుబట్టడం మానేసి, చెప్పిన రోజుకి పంపమని అడుగుతున్నాం. తేదీలు కళ్లెదుట ఉంటే ఎవరూ వాదించరు.

ఫోర్‌కాస్ట్, అంటే ముందుముందు ఎంత డిమాండ్ ఉంటుందన్న అంచనా విషయానికొస్తే, నెలనెలా కదిలే ఐటమ్‌లకు బాగానే ఉంది. ఎప్పుడో ఒకటి పోయే విడిభాగాలకు మామూలు సగటు పద్ధతులు నిలబడవు. వాటికి 1972లో క్రోస్టన్ ప్రతిపాదించిన పద్ధతి ఉంది. అది ఒక్కోసారి ఎంత అడుగుతున్నారో, ఎన్నాళ్లకోసారి అడుగుతున్నారో విడివిడిగా అంచనా వేస్తుంది. మా సాఫ్ట్‌వేర్‌లో ఈ ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల ఉంది. కొనేముందే అడిగి చూడండి.

నాకు బాగా కోపం తెప్పించేది ఒకటుంది. స్టాక్ నిండుకున్న రోజుల్లో అమ్మకం సున్నా కదా, ఆ సున్నాని ఇది డిమాండ్ లేనట్టు లెక్కేస్తుంది. దాంతో తక్కువ ఆర్డర్ పెట్టమంటుంది, స్టాక్ మళ్లీ అయిపోతుంది, కస్టమర్ ఖాళీ చేతులతో వెళ్లిపోతాడు. ఆ రోజులను లెక్కలోంచి తీసేసే ఆప్షన్ ఉన్నా, మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. ఇంత ముఖ్యమైనదాన్ని ఆఫ్‌లో ఉంచి అమ్మడం అన్యాయం.

డేటా సర్దడానికి మాత్రం చాలా ఓపిక కావాలి. ఒకే బోల్ట్‌కి రెండు కోడ్‌లు, ఒకచోట బాక్స్‌ల లెక్క, ఇంకోచోట పీసుల లెక్క. మొదట్లో పనంతా వీటిని సరిచేయడమే.

సరుకు దిగిన రోజున కాకుండా బిల్లు చేతికొచ్చాక ఎంట్రీ చేసే అలవాటు మీ గోడౌన్‌లో ఉంటే, ముందు దాన్ని మాన్పించి తర్వాత కొనండి. లేకపోతే సమయానికి పంపే సప్లయర్ కూడా రిపోర్ట్‌లో లేటుగానే కనిపిస్తాడు.