బీమిష్ మ్యూజియం: పక్కింటావిడ వంటగది మళ్లీ చూశాను

మే నెలాఖరులో, స్కూళ్లకి హాఫ్ టర్మ్ సెలవులిచ్చినప్పుడు, మా ఆయన, మా అమ్మాయి, పదకొండేళ్ల మనవడు, నేను నలుగురం ఇంగ్లండ్ ఈశాన్యంలో ఉన్న బీమిష్ ఆరుబయటి మ్యూజియంకి వెళ్లాం. పొద్దున గేటు తెరవగానే లోపలికి వెళ్లి సాయంత్రం మూసేదాకా ఉన్నాం. అయినా సగం కూడా చూడలేదు. కారణం నేనే. ఒక్క ఇంట్లోనే గంటకి పైగా కూర్చుండిపోయాను.

ఎందుకో చెప్పాలంటే ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. 1977లో మేము డర్హమ్ కౌంటీ తీరాన ఒక బొగ్గు గని ఊరికి వచ్చాం. మా ఆయన అక్కడ జీపీగా, అంటే ఊరివాళ్లందరినీ చూసే కుటుంబ డాక్టరుగా చేరారు. ఆ రోజుల్లో గని ఊళ్లలో మన దేశం నుంచి వచ్చిన డాక్టర్లు చాలామంది ఉండేవారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. వంటింటి కిటికీలోంచి చూస్తే గని మీద పెద్ద చక్రం కనిపించేది. గని వ్యర్థాలన్నీ సముద్రపు ఒడ్డునే పోసేవారు, అందుకని ఇసుక కూడా నల్లగా ఉండేది. ఇరవై రెండేళ్లు ఆ ఊళ్లోనే ఉన్నాం. మా అమ్మాయి పుట్టిందీ, బడికెళ్లిందీ అక్కడే. ఇప్పుడు ఆ చక్రమూ లేదు, ఆ నల్ల ఇసుకా లేదు.

బీమిష్ న్యూకాజిల్‌కి దగ్గరే, స్టాన్లీ పక్కన ఉంటుంది. 350 ఎకరాల్లో రోడ్లు, ఇళ్లు, పొలాలు, బడి, రైల్వే స్టేషన్, గని అన్నీ ఉన్నాయి. ఒకచోట 1820ల కాలం, ఒకచోట 1900లు, ఇంకోచోట 1940ల పొలం, మరోచోట 1950ల ఊరు. పాత ట్రాము ఎక్కితే ఒక కాలం నుంచి ఇంకో కాలానికి తీసుకెళ్లి దింపుతుంది. కొన్ని భవనాల్ని చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇటుక ఇటుకా విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. కొన్నింటిని ఉన్నవాటిని చూసి అచ్చం అలాగే కట్టారు.

దీని వెనక ఫ్రాంక్ ఆట్కిన్సన్ అనే మ్యూజియం ఉద్యోగి పట్టుదల ఉంది. 1950ల చివర్లో గనులు మూతపడుతున్నాయి, వీధులు కూలగొడుతున్నారు, ఇదంతా పోయేలోపు దాచుకోవాలని ఆయన కౌంటీ కౌన్సిల్ వెంటపడ్డారు. ఏది విలువైనది, ఏది కాదు అని ఏరలేదు. ఇంట్లో వాడే గిన్నె ఇచ్చినా, ఆవిరి యంత్రం ఇచ్చినా తీసుకున్నారు. బ్రాన్స్‌పెత్‌లో పాత సైనిక శిబిరం గుడిసెల్లో అవన్నీ పేర్చిపెట్టారు. 1970లో మ్యూజియం ఏర్పడింది. ఇక్కడ మనం చూసే వస్తువుల్లో చాలా భాగం జనం తమ ఇళ్లలోంచి తెచ్చి ఇచ్చినవే. ఆ తేడా తెలుస్తుంది. మేజా మీద కప్పు పెట్టిన తీరు చూసినా ఎవరో నిజంగా బతికిన ఇల్లులా ఉంటుంది. 2025లో ఆర్ట్ ఫండ్ అనే బ్రిటిష్ కళా సంస్థ వాళ్ల మ్యూజియం ఆఫ్ ది ఇయర్ బహుమతి బీమిష్‌కి వచ్చిందని విన్నప్పుడు మా ఇంట్లో వాళ్లకి వచ్చినంత సంతోషపడ్డాను.

ఇక నేను కూర్చుండిపోయిన ఇల్లు. 1900ల గని ఊళ్లో ఫ్రాన్సిస్ స్ట్రీట్ అని చిన్న ఇళ్ల వరస ఉంది. హెటన్-లె-హోల్ అనే ఊళ్లో బొగ్గు కంపెనీ తన పనివాళ్ల కోసం 1860ల్లో కట్టిన ఇళ్లవి. వాటిని అక్కడ కూలగొడుతుంటే విప్పి ఇక్కడికి తెచ్చారు. వెనక పెరట్లో ఉల్లికాడల్లాంటి లీక్స్ మడులు, పావురాల గూళ్లు, చివర నెట్టీ. నెట్టీ అంటే ఇక్కడి యాసలో పెరటి మరుగుదొడ్డి. ఒక ఇంటిని మెథడిస్టు (ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబం ఇల్లుగా, ఒకదాన్ని ఐర్లండ్ నుంచి వచ్చిన క్యాథలిక్కుల ఇల్లుగా, ఇంకోదాన్ని ఒక గని కార్మికుడి వితంతువు ఇల్లుగా సర్దారు. ఇల్లు కంపెనీది కాబట్టి మొగుడు పోతే ఆవిడ ఖాళీ చెయ్యాలి. కొడుకు కూడా గనిలో దిగుతున్నాడు కాబట్టి ఉండనిచ్చారు. ఆవిడ ఇరుగుపొరుగు బట్టలు ఉతికి, కుట్టుపని చేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటుంది. ఈ సంగతి విన్నాక మా మనవడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మమ్మా, కొడుకు లేకపోతే ఆవిడ ఎక్కడికెళ్తుంది?" అని అడిగాడు. వర్క్‌హౌస్ అని, దిక్కులేని పేదవాళ్లని చేర్చుకుని పని చేయించే చోటు ఒకటుండేదని వాళ్ల తాతయ్య చెప్పారు.

ఆ వీధిలోనే ఒక ఇంట్లో పొయ్యి మండుతోంది. నల్లగా మెరిసేలా పాలిష్ పట్టిన ఇనప పొయ్యి, పక్కనే రొట్టె కాల్చే అర, పైన కెటిల్. లోపలికి అడుగుపెట్టగానే ఆ బొగ్గు పొగ వాసనకి నా కాళ్లు ఆగిపోయాయి. 1977 చలికాలంలో మా పక్కింటావిడ నన్ను మొదటిసారి లోపలికి పిలిచినప్పుడు వచ్చిన వాసన అదే. అప్పటికీ గనిలో పనిచేసేవాళ్లకి ఇంటికి బొగ్గు వచ్చేది, లారీ వాడు తలుపు ముందే కుప్ప పోసి వెళ్లేవాడు. "లోపలికి రా పెట్, నీ చేతులు గడ్డకట్టాయి" అంది ఆవిడ. పెట్ అంటే ఇక్కడివాళ్లు ఆప్యాయంగా పిలిచే పిలుపు, మనం "అమ్మా" అన్నట్టు.

పొయ్యి పక్కన చెక్క ఫ్రేముకి గోనెగుడ్డ బిగించి ఉంది. దాని ముందు పాతకాలం గౌను వేసుకున్న మ్యూజియం ఆవిడ కూర్చుని ప్రాగీ మ్యాట్ చేస్తోంది. ప్రాగీ మ్యాట్ అంటే పేలికల పట్టా. పాత కోట్లు, ప్యాంట్లు, దుప్పట్లు అగ్గిపెట్టె పొడవున పేలికలుగా కత్తిరిస్తారు. ప్రాగర్ అనే మొన ఉన్న పుల్లతో గోనెలో చిల్లు పొడిచి పేలిక కొస దూరుస్తారు, పక్కనే ఇంకో చిల్లు పొడిచి రెండో కొస దూరుస్తారు. అలా వేల పేలికలు. మనకి కనిపించేది వెనక వైపు, కుచ్చులన్నీ అవతలి వైపు పెరుగుతూ ఉంటాయి. మన బొంతలాగే ఇందులోనూ కొత్త గుడ్డ వాడరు. కొత్త మ్యాట్ క్రిస్మస్‌కి ముందుగదిలో పొయ్యి ముందు పరుస్తారు, పాతది వంటింట్లోకి, అంతకన్నా పాతది పెరటి గుమ్మానికి వెళ్తుంది.

ఇదంతా నాకు నేర్పింది మా పక్కింటావిడే. మొదటి రెండు చలికాలాలు మా ఆయన క్లినిక్‌కి వెళ్లాక నాకు ఇంట్లో ఏమీ తోచేది కాదు. ఇంగ్లీషు వచ్చినా వాళ్ల యాస అర్థమయ్యేది కాదు. ఆవిడ ఫ్రేముకి అటు, నేను ఇటు కూర్చునేవాళ్లం. అన్నీ నలుపు, బూడిదరంగు, ముదురు నీలం పేలికలు. ఒక రోజు మా అమ్మ పెట్టిన ఎర్ర నేతచీర, అంచు చిరిగిపోయింది, తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ గుడ్డని వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది నూలు, తొక్కితే అణిగిపోతుంది పెట్. మధ్యలో వజ్రం ఆకారంలో పెడదాం, మధ్యలో ఎవర్నీ తొక్కనివ్వను" అంది. అలాగే చేశాం. ఆ మ్యాట్ ఆవిడ నాకే ఇచ్చేసింది, ఇప్పటికీ ఉంది.

మ్యూజియం ఆవిడకి ఈ సంగతి చెప్తే ప్రాగర్ నా చేతికిచ్చింది. మొదటి రెండు పేలికలూ వంకరగా పోయాయి. మూడోది సరిగ్గా కూర్చుంది.

మిగతావి త్వరగా చెప్తాను. 1900ల టౌన్‌లో ఆన్‌ఫీల్డ్ ప్లెయిన్ అనే ఊరి నుంచి తెచ్చిన కో-ఆప్ దుకాణం తప్పకుండా చూడండి. కౌంటర్ దగ్గర డబ్బు డబ్బాలో పెడితే అది తల మీదుగా క్యాషియర్ గదికి వెళ్తుంది. కో-ఆప్ అంటే ఊరివాళ్లందరి దుకాణం, ప్రతి ఇంటికీ ఒక నెంబరు, ఏడాది కొన్నదాన్ని బట్టి లాభంలో వాటా వచ్చేది. దాన్ని డివీ అనేవారు. మా ముందు నిలబడ్డ ఒక ముసలాయన తన తల్లి డివీ నెంబరు ఠక్కున చెప్పాడు. చిన్నప్పుడు దుకాణానికి పంపిస్తే మర్చిపోకుండా దారంతా వల్లించేవాడట.

గని ఊళ్లో డేవీస్ అనే చేపల దుకాణంలో బొగ్గు పొయ్యి మీద ఫిష్ అండ్ చిప్స్ వేయిస్తారు, క్యూ పొడుగ్గా ఉంటుంది. మన వాళ్లకి ఒక మాట: అక్కడ వేయించేది బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో. తినని వాళ్లు ముందే అడిగి తెలుసుకోండి. మేము పులిహోర పట్టుకెళ్లాం.

మహాగనీ డ్రిఫ్ట్ అనే గని ఎక్కడినుంచో తెచ్చింది కాదు, 1855లో అక్కడే తవ్వింది. హెల్మెట్ పెట్టుకుని, నడుం వంచి కొంత దూరం లోపలికి వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పుల వల్ల మా ఆయన రాలేదు. బయట బెంచీ మీద కూర్చుని మనవడికి నీలి మచ్చల సంగతి చెప్పారు. గనిలో దెబ్బ తగిలినప్పుడు గాయంలో బొగ్గు దుమ్ము చేరితే, మానాక ఆ మచ్చ నీలంగా ఉండిపోతుంది. చెయ్యి చాపగానే ఆ మనిషి పని ఏమిటో తెలిసేదట. ఛాతీలో చేరిన దుమ్ము మాత్రం ఎక్స్‌రే తీస్తేగానీ కనిపించేది కాదు. మా పక్కింటాయన పోయింది దానివల్లే.

1950ల ఊరు కొత్తగా కట్టారు. రైహోప్ నుంచి తెచ్చిన సినిమా హాలు, కేఫ్, క్షౌరశాల ఉన్నాయి. మా అమ్మాయికి అన్నిటికన్నా ఇదే నచ్చింది. నన్ను లాగింది మాత్రం లీసింగ్‌థార్న్ ఊరి హాలుని చూసి కట్టిన వెల్ఫేర్ హాలు, అంటే గని కార్మికులందరూ కలిసే హాలు. నున్నటి నేల, పేర్చిన కుర్చీలు, టీ అందించే కిటికీ. మా ఊరి హాల్లో 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా, గనుల మూసివేతకి వ్యతిరేకంగా గని కార్మికుల సమ్మె నడిచిన ఏడాదంతా, ఆడవాళ్లు వంట చేసి కార్మికుల కుటుంబాలకి భోజనం పెట్టారు. నేను వారానికి మూడు రోజులు వెళ్లి బంగాళాదుంపల తొక్క తీసేదాన్ని. చల్లటి నీళ్లలో వేళ్లు కొంకర్లు పోయేవి, అయినా అంత నవ్వు నేను ఆ ఊళ్లో ఇంకెప్పుడూ వినలేదు. తర్వాత తొంభైల మొదట్లో మా గని మూతపడింది. 1993 చివరికి సండర్లాండ్‌లోని వేర్‌మౌత్ గని కూడా ఆగిపోవడంతో డర్హమ్ బొగ్గు గనుల పని ముగిసింది. ఆ గని స్థలంలోనే ఇప్పుడు స్టేడియం ఆఫ్ లైట్ ఉంది. మా మనవడు ఫుట్‌బాల్ మ్యాచ్‌కి అక్కడికెళ్లాడు, అది గని ఉన్న చోటని ఇప్పుడే తెలిసింది.

బీమిష్ ఊళ్లు 1950ల దగ్గర ఆగిపోతాయి. నాకున్న ఒకే ఒక్క కోరిక, ఎప్పటికైనా 1984 వంటగది కూడా అక్కడ ఉండాలని. ఆ పెద్ద గిన్నెలు, ఆ గరిటెలు ఇంకా కొందరి ఇళ్లలో ఉన్నాయి. వాటిని దాచినవాళ్లకి డెబ్బై, ఎనభై ఏళ్లు వచ్చేశాయి.

టికెట్ ఖరీదు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది కానీ ఒకసారి కొంటే ఏడాదంతా మళ్లీ మళ్లీ వెళ్లొచ్చు, కాబట్టి ఒక్క రోజులో అన్నీ చూసెయ్యాలని టెన్షన్ పడకండి. ఎత్తుపల్లాల నేల, మంచి బూట్లు వేసుకోండి. ఎండగా ఉన్నా గొడుగు, స్వెటర్ తీసుకెళ్లండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీకు తెలిసినవాళ్లలో ఇక్కడి గని ఊళ్లలో పెరిగిన పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లని వెంట తీసుకెళ్లండి. బోర్డుల మీద రాయనివన్నీ వాళ్లే చెప్తారు.

మేము డిసెంబర్‌లో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి మా మ్యాట్‌ని చుట్టి కారులో పెట్టుకుని వెళ్తాను. ఫ్రేము దగ్గర కూర్చునే ఆవిడకి మధ్యలో ఉన్న ఆ ఎరుపు చూపించాలి.