గోడ మీద కవిత, గొంతులో కవిత: రెండున్నర గంటల షో ఎలా ఉందంటే

కవిత్వం మనకి అర్థం కాదేమో అని టెన్షన్ పడేవాళ్లు ఈ షోకి నిశ్చింతగా వెళ్లొచ్చు, ఇక్కడ వినిపించే వాటిలో సగానికి అసలు అర్థమే లేదు. ముందు గంటసేపు గోడల మీద కాంక్రీట్ పొయెట్రీ, అంటే అక్షరాల అమరికే కవితైన అచ్చు కాగితాలు. తర్వాత గంటన్నర పక్క హాల్లో సౌండ్ పొయెట్రీ, అంటే మాటల అర్థం కాకుండా నోటి శబ్దాలే కవితైనవి: ముగ్గురు మనుషులు, రెండు మైకులు, వాయిద్యాలు లేవు.

నాకు బాగా నచ్చింది జర్మన్ కవి హ్యూగో బాల్ 'కారవానె'. 1916లో జ్యూరిచ్‌లోని కాబరే వోల్టేర్ అనే క్లబ్బులో ఆయన అట్టముక్కల డ్రెస్ తొడుక్కుని, అందులో నడవలేక, వేరేవాళ్లు స్టేజీ మీదికి మోసుకొస్తే చదివిన ధ్వని కవితల్లో ఇదొకటి. 'జోలిఫాంటో బాంబ్లా' అంటూ మొదలవుతుంది. 1920లో అచ్చేసినప్పుడు ఒక్కో లైనుకీ ఒక్కో ఫాంట్ పెట్టారు. ఇక్కడ ఆ పేజీని తెర మీద వేసి, ఫాంట్ మారినప్పుడల్లా గొంతు మార్చారు: లావు అక్షరాలకి పొట్టలోంచి, వాలు అక్షరాలకి ముక్కులోంచి. అదే పేజీని గోడ మీద చూసి ఏదో ఫాంట్ల గోల అనుకుని దాటేసిన నేను, విన్నాక మళ్లీ వెళ్లి చూశా.

ఆస్ట్రియా కవి ఎర్న్‌స్ట్ యాండ్ల్ 1957లో రాసిన 'ష్ట్స్న్‌గ్ర్‌మ్' అయితే ఒళ్లు జలదరించింది. యుద్ధంలో సైనికులు దాక్కునే కందకాన్ని జర్మన్‌లో షూట్సెన్‌గ్రాబెన్ అంటారు, ఆ మాటలోంచి అచ్చులన్నీ పీకేసి మిగిలిన హల్లులతోనే కవితంతా నడిపాడు. ట్-ట్-ట్-ట్ అని మెషిన్ గన్, చివర్లో ఒక తెగిన 'ట్-ట్ట్', అది 'టోట్', అంటే చచ్చిపోయాడు, అనే మాటలో మిగిలిన హల్లులు. ఇంటికొచ్చి తెలుగులో రాద్దామని కూర్చుంటే ప్రతి అక్షరానికీ పొల్లు పెట్టుకుంటూ పోవాల్సి వచ్చింది, మన 'క'లోనే అకారం ఉంటుంది కదా, ఒక్కోదాన్నీ చంపాలి.

కవి గోమ్రింగర్ 'ష్వైగెన్' (మౌనం) మాత్రం పాడుచేశారు. ఆ మాటే 14 సార్లు, మూడేసి చొప్పున ఐదు వరసలు, సరిగ్గా నడిమధ్య ఉండాల్సిన మాట బదులు ఖాళీ. ఉన్నదంతా ఆ ఖాళీలోనే ఉంది. చదివినావిడ అక్కడ ఊపిరి పీల్చుకున్నంతసేపు కూడా ఆగలేదు, బస్సు వెళ్లిపోతుందన్నట్టు.

డోల్ అనే జర్మన్ కవి 'యాపిల్'ని చదివే ప్రయత్నమే చేయలేదు, మంచి పని. యాపిల్ ఆకారం నిండా 'ఆప్ఫెల్', అంటే జర్మన్‌లో యాపిలే, ఎక్కడో ఒక్క 'వుర్మ్', పురుగు, దాన్ని కంటితో వెతుక్కోవాల్సిందే. పద్యం అక్షరాల్ని బొమ్మలో అమర్చే మన బంధకవిత్వం గుర్తొచ్చింది గానీ, తామరపువ్వు ఆకారంలో ఉండే పద్మబంధంలో పద్యం బొమ్మ లేకపోయినా పద్యమే, ఇక్కడ బొమ్మ తీసేస్తే ఏమీ మిగలదు.

చివర్లో జర్మన్ కళాకారుడు ష్విట్టర్స్ 'ఉర్సొనాటె', 1932లో పూర్తిగా అచ్చైన నాలుగు భాగాల సొనాటా (పాశ్చాత్య సంగీతంలో భాగాలుగా సాగే రచన, ఇక్కడ నోటి శబ్దాలతో), అరగంట దాటింది. కాసేపు నవ్వొచ్చింది, కాసేపు నిజంగా విసుగొచ్చింది, ఇంతలో మొదట విన్న 'ఫ్యూమ్స్ బో వో' మళ్లీ తగిలేసరికి పాటలో పల్లవి తిరిగొచ్చినట్టు తల ఊపేశా.

సౌండ్ సిస్టమ్ గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. నోటి శబ్దాలే సరుకైన షోలో 'ప' అన్న ప్రతిసారీ స్పీకర్ ధబ్ ధబ్ మంటుంటే ఎలా? మైకుకి ఒక స్పాంజి తొడుగు వేసుకోవాల్సింది. వెళ్లేవాళ్లు ముందు వరసలో, నోళ్లు కనిపించేలా కూర్చోండి, స్పీకర్ పక్కన మాత్రం వద్దు.