వైపర్ వేస్తే పక్కకు పోయే ఆటోపైలట్

ముందే చెప్పేస్తాను, మా బోటును చెప్పిన దిశలో తనే నడిపే ఈ ఆటోపైలట్ అంటే నాకు ప్రాణం. ఎందుకో తెలియాలంటే పాత ఔట్‌డ్రైవ్ (వెనక బయట ఉండి, అటూ ఇటూ తిరిగి బోటును మళ్ళించే ప్రొపెల్లర్ భాగం) బోటును ఆరు నాట్ల (గంటకు దాదాపు 11 కి.మీ.) వేగంతో ఒక గంట నడిపి చూడాలి. ఆ వేగంలో బోటు ముక్కు క్షణం కుదురుగా ఉండదు. ఎడమకు జారుతుంది, మనం వీల్ కుడికి తిప్పుతాం, అది కుడికి దాటిపోతుంది, మళ్ళీ ఎడమకు. వెనక్కి చూస్తే మనం వచ్చిన దారి నీళ్ళ మీద పాము పాకినట్టు కనిపిస్తుంది. అమెరికాలో సియాటెల్ దగ్గరి ఎవరెట్ మెరీనా (బోట్లు కట్టేసే చోటు) నుంచి సరటోగా ప్యాసేజ్ మీదుగా లా కానర్ చేరేసరికి బుర్ర వేడెక్కిపోయేది. దిగాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

మాది 1990ల నాటి 24 అడుగుల బోటు. వీల్ వెనక గేర్ డబ్బా, అక్కడి నుంచి వెనక దాకా ఒకే ఒక్క కేబుల్. చివర్లో ఆ కేబుల్ ఔట్‌డ్రైవ్ పవర్ స్టీరింగ్ వాల్వును కదుపుతుంది. హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) స్టీరింగ్ ఉన్నవాళ్ళు ఆటోపైలట్ కోసం ఒక పంపు తగిలించుకుంటే పనైపోతుంది. మనలాంటి వాళ్ళకు అంత సుఖం లేదు. ఉన్నదంతా పీకేసి హైడ్రాలిక్‌కు మారాలి, లేదంటే వీల్ వెనక గేర్ డబ్బా తీసి అదే చోట మోటారు, క్లచ్చు ఉన్న డబ్బా పెట్టించాలి. నేను రెండోదానికే వెళ్ళాను. కేబుల్ కూడా కొత్తది వేయించాను. పాతదాంట్లో గ్రీజు ఎండి బిగుసుకుపోయింది, దానికి మోటారు తగిలించినా మోటారుకే కష్టం.

మొదటిసారి ఆటో బటన్ నొక్కినప్పుడు అమ్మ పక్కనే కూర్చుని ఉంది. వీల్ తనంతట తాను అటో చిటికెడు, ఇటో చిటికెడు కదులుతోంది. బోటు గీత గీసినట్టు పోతోంది. "ఒరేయ్, చెయ్యి తీసేశావేంట్రా?" అని అమ్మ కంగారు. ఆ వేసవంతా ఇలాగే హాయిగా గడిచింది.

అక్టోబరులో వానలు మొదలయ్యాయి. కమానో ద్వీపం కొన దాటుతుంటే జల్లు పట్టుకుంది, వైపర్ వేశాను. కాసేపటికి ఎడమ పక్కన ఉండాల్సిన ఒడ్డు ఎదురుగా వస్తోంది! స్క్రీన్ మీద చూస్తే హెడింగ్ (బోటు ముక్కు చూస్తున్న దిశ) అంకె ఇందాక ఉన్నదే, డిగ్రీ తేడా లేదు. ఆటోపైలట్ లెక్కలో అంతా బాగానే ఉంది. జీపీఎస్ మాత్రం పదిహేను డిగ్రీల పక్కకు పోతున్నామని చూపిస్తోంది. పదిహేను డిగ్రీలంటే మైలు దూరం వెళ్ళేసరికి పావు మైలు పక్కన తేలతాం. సన్నటి దారిలో అది చిన్న సంగతి కాదు.

బిగించిన వర్క్‌షాపు వాళ్ళకు చెప్పాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు, ఎండ కాస్తున్న రోజు బోటును తీసుకెళ్ళి నెమ్మదిగా గుండ్రాలు తిప్పి ఆటోపైలట్ కాంపస్ సరిచేశారు, "అంతా పర్ఫెక్ట్" అన్నారు, గంటల లెక్కన బిల్లు చేతిలో పెట్టారు. తర్వాతి వానకు మళ్ళీ అదే కథ. వైపర్ సంగతి చెబితే నవ్వారు.

చివరికి బోటును డాక్‌కు కట్టేసి, ఇంజిన్ ఆపి, వైపర్ ఒక్కటే వేశాను. కదలకుండా కట్టేసి ఉన్న బోటు హెడింగ్ ఠక్కున మారింది. ఆపితే వెనక్కి వచ్చింది. డ్యాష్‌బోర్డు కింద దూరి చిన్న చేతి కాంపస్ పట్టుకుని వెతికితే, ఒక ఎర్ర వైరు దగ్గర ముల్లు ఊగింది. వైపర్ మోటారుకు పాజిటివ్ వైరు అటు నుంచి వెళ్తోంది, నెగటివ్ ఎక్కడో చుట్టూ తిరిగి ఇంకో పక్క నుంచి వస్తోంది. రెండూ జంటగా మెలివేసి ఉంటే ఒకదాని అయస్కాంత ప్రభావం ఇంకోదానితో కొట్టుకుపోతుంది. ఇక్కడ వైరు ఒంటరిది, దానికి జానెడు దూరంలో ఆటోపైలట్ హెడింగ్ సెన్సర్, అంటే దాని కాంపస్, బిగించారు. 5 ఆంపియర్లు పారే ఒంటరి వైరు అంత దూరంలో 5 మైక్రోటెస్లా దాకా అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. సియాటెల్ ప్రాంతంలో కాంపస్‌ను నిలబెట్టే భూమి అయస్కాంత క్షేత్రం, అంటే అడ్డంగా పనిచేసే భాగం, 19 మైక్రోటెస్లా మాత్రమే. మా కాకినాడ దగ్గరైతే 40 దాకా ఉంటుంది, ఇదే వైరు అక్కడ సగం గొడవే చేసేది.

సెన్సర్‌ను కాబిన్‌లో మంచం కిందకి, బోటు నడి గీత మీదకి మార్చాను. వైపర్ వైర్లు రెండూ కలిపి మెలివేశాను. మళ్ళీ గుండ్రాలు తిప్పాను. ఇప్పుడు ఎంత వానైనా అంకె కదలదు, ఒడ్డూ ఎదురు రాదు.

ప్రాణం అన్నానుగా, అది నీళ్ళు కుదురుగా ఉన్నప్పటి మాట. అడ్మిరల్టీ ఇన్‌లెట్‌లో వెనక నుంచి కెరటాలు తోస్తుంటే దీని వల్ల కాదు. కేబుల్ స్టీరింగ్‌లో ఎంతో కొంత ప్లే (వదులు) ఉంటుంది. మోటారు తిప్పింది ఔట్‌డ్రైవ్‌కు అందేలోపే బోటు వెనకభాగం పక్కకు జారిపోతుంది. అప్పుడు స్టాండ్‌బై (ఆటోపైలట్‌ను పక్కన పెట్టే బటన్) నొక్కి వీల్ నేనే పట్టుకుంటాను. వేగంగా పోయేటప్పుడు అసలు వాడను. మా ప్రాంతపు సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో తేలే దుంగలు, పీతలు పట్టే బుట్టలకు కట్టిన తేలే బంతులు ఆటోపైలట్‌కు కనిపించవు. ఎదురుగా చూస్తూ ఉండాల్సిన బాధ్యత చట్టప్రకారం కూడా మనదే. బోటెక్కిన ప్రతివాళ్ళకీ ముందు స్టాండ్‌బై బటన్ ఎక్కడుందో చూపిస్తాను. మోటారు గుయ్‌మనే చప్పుడు మా ఆవిడకు ఇప్పటికీ చిరాకే.

నేను నెమ్మదిగా, గంటల తరబడి, ఎక్కువగా ఒక్కడినే నడుపుతాను. అందుకే నాకు ఇది గిట్టుబాటు. అరగంటలో రయ్యిమని వెళ్ళి పీతలు పట్టుకుని వచ్చేవాళ్ళకు దండగ. బోటు అమ్మినప్పుడు ఈ డబ్బు తిరిగిరాదు కూడా. ఔట్‌డ్రైవ్ దగ్గర, అది ఎంత తిరిగిందో ఆటోపైలట్‌కు చెప్పే ఫీడ్‌బ్యాక్ సెన్సర్ పెడితే వెనక కెరటాల్లో కొంత మెరుగు ఉంటుందంటున్నారు. వసంతంలో బోటు ఒడ్డుకెక్కించినప్పుడు పెట్టి చూడాలి. వైరింగ్ పని మాత్రం ఆ వర్క్‌షాపు వాళ్ళకు ఇవ్వను.