బొమ్మ పక్కన చీటీ: ఒక గ్యాలరీకి ఏడేళ్ళుగా వెళ్తున్న అనుభవంతో

గ్యాలరీ పేరు చెప్పను. హైదరాబాద్‌లో ఏడేళ్ళుగా నెలకు ఒకటి రెండుసార్లయినా నేను వెళ్ళే చోటు. ఎంట్రీ ఫ్రీ, లోపల చల్లగా ఉంటుంది, ఒక బొమ్మ ముందు ఎంతసేపు నిలబడ్డా ఎవరూ ఏమీ అనరు. ఇవన్నీ వెళ్ళేవాళ్ళకు తెలిసినవే. నా పేచీ అంతా ఒక్కదానితోనే, బొమ్మ పక్కన గోడకు అంటించే చీటీతో. ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది. నడుము ఎత్తులో, సన్నటి బూడిద రంగు అక్షరాల్లో ఉంటుంది. వంగి చదివినా కళాకారుడి పేరు, సంవత్సరం, కొలతలు, ‘మిక్స్‌డ్ మీడియా’ అన్న మాట తప్ప ఇంకేమీ దొరకదు.

మొదట్లో నేనూ ఇది చిన్న విషయమే అనుకున్నాను. ఒకసారి అక్కడ లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లు చూశాను. మేకలు, చెట్లు, పల్లె ఆడవాళ్ళు, వెంట్రుకంత సన్నటి గీతలు. కింద పెన్సిల్‌తో 12/25 అని ఉంది. చీటీలో ‘ఎచింగ్ ఆన్ పేపర్’ అని ఉంది. అంతే. లోహపు పలక మీద మైనం లాంటి పూత పూసి, దాని మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీసినచోట మాత్రమే లోహం కరుగుతుందట. ఆ గాడిలో సిరా నింపి ప్రెస్సులో ఒత్తితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. 12/25 అంటే మొత్తం 25 ప్రతుల్లో ఇది పన్నెండోది. ఇవన్నీ నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది, అదీ ఒక ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని ఓపిగ్గా చెబితే. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన మనిషి గీసిన బొమ్మలవి. వాటి పక్కన నాలుగు తెలుగు వాక్యాలు రాయడానికి ఏం అడ్డమొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడండి. మేలిముసుగు రెబెకా విగ్రహం దగ్గర ఎప్పుడూ గుంపే. రాతిలో ముసుగు చెక్కారని ఎవరో ఒకరు పక్కనున్న పిల్లలకు చెబుతూనే ఉంటారు. ఆ కథ తరాలుగా ఇళ్ళల్లో నడుస్తోంది. కొత్త కళకు అలా కథ చెప్పి చేయి పట్టుకుని నడిపించే అమ్మమ్మలు ఇంకా లేరు. అందుకే చీటీ ముఖ్యం.

ఇక అసలు సంగతి. పోయినేడాది అక్కడ చేనేత డిజైన్ల ప్రదర్శన పెట్టారు. అప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. అమ్మ పుట్టిల్లు పుట్టపాక. పెళ్ళయ్యేదాకా మగ్గాల మధ్యే పెరిగింది. గ్యాలరీ అంటే ఆమెకు భయం. “చదువుకున్నోళ్ళు వచ్చే జాగ, నేనెందుకు బిడ్డా” అంది. బలవంతాన తీసుకెళ్ళాను. మొదటి రెండు గదుల్లో నా వెనకే, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నడిచింది. నేను వంగి చీటీ చదివి చెప్పడం, ఆమె సరేనన్నట్టు తల ఊపడం. నాకు టెన్షన్‌గా ఉంది, ఎందుకు తెచ్చానా అని.

మూడో గదిలో ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళతో ఒక పెద్ద వస్త్రం వేలాడదీశారు. అమ్మ నన్ను దాటుకుని ముందుకెళ్ళింది. ముక్కు దగ్గరగా పెట్టి గాలి పీల్చింది.

“గిది తేలియా బిడ్డా. వాసన సూడు.”

నూనె వాసన ఉంది, సన్నగా. నూలును నూనెలో, ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారని, అందుకే ఆ పేరని అమ్మే చెప్పింది. రంగు పట్టడానికీ అదే కారణమట. తర్వాత ఆసు గురించి, అంటే నేతకు ముందు పోగును మేకులకు చుట్టే పని గురించి మొదలుపెట్టింది. ఒక మేకు దగ్గర్నుంచి అర్ధచంద్రంలా పాతిన మేకుల వరుస దాకా పోగును తీసుకెళ్ళడం, వెనక్కి తేవడం. ఒక్క చీరకే వేలసార్లు. ఆ గది మధ్యలో నిలబడి చేయి పైకీ కిందికీ ఆడిస్తూ చేసి చూపించింది. గార్డు గబగబా వచ్చాడు, ముట్టుకుంటుందేమోనని. వచ్చినవాడు అక్కడే నిలబడి విన్నాడు. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఒక పెద్దాయన కూడా చేరారు. “మల్లేశం మిషిని రాకముందు గిట్లనే. మా అమ్మకు రాత్రయితే భుజం లేవకపోయేది” అంది. తల్లి పడే బాధ చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం సంగతి అది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. డిజైన్ ప్రదర్శన అని పేరు పెట్టిన చోట ఆ యంత్రం ఫోటో అయినా ఉండాల్సింది.

అప్పుడు అడిగింది అమ్మ: “ఆసు ఎవలు పోసిన్రో, ఎవలు నేసిన్రో రాయలేదా?”

వంగి మళ్ళీ చదివాను. డిజైనర్ పేరు ఉంది. ‘కాటన్, డబుల్ ఇక్కత్’ అని ఉంది, అంటే నిలువు పోగులకూ అడ్డ పోగులకూ ముందే రంగులద్ది నేసిన నూలు బట్ట. కొలతలు ఉన్నాయి. నేసినవాళ్ళ పేరు లేదు. పుట్టపాక తేలియా రుమాల్ అని ఊరి పేరుతోనే 2020లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) వచ్చింది కదా, ఆ ఊరి పేరూ లేదు. లేదని అమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రోజు విజిటర్స్ బుక్‌లో ఒక పేజీ నిండా రాశాను, తెలుగులోనే. మూడు నెలల తర్వాత పెట్టిన పెయింటింగ్‌ల ప్రదర్శనలో తెలుగు చీటీలు కనిపించాయి, కంటి ఎత్తులో, పెద్ద అక్షరాల్లో. నా సంతోషం చెప్పలేను. తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి వెళ్ళమన్నాను. ఆ మాటలు ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. ఆ తర్వాతి రెండు ప్రదర్శనల్లో మళ్ళీ ఇంగ్లీషే. అడిగితే, చీటీలు ఏ ప్రదర్శనకు ఆ ప్రదర్శన పెట్టేవాళ్ళ ఇష్టమన్నారు. లైటింగ్ బాగుంటుందని కూడా చాలామందికి చెప్పాను. కాన్వాస్ మీది రంగులకు అది నిజమే. గాజు వెనక ఉన్న ప్రింట్ల మీద మాత్రం లైటు పడి మన మొహమే మనకు కనిపిస్తుంది, పక్కకు జరిగి చూడాలి.

అయినా వెళ్ళొద్దని చెప్పలేను. మా ఇంటికి ఒక్క బస్సు, పని రోజుల్లో మధ్యాహ్నాలు నాకు ఖాళీ, చీటీలో లేనిది ఇంటికొచ్చి వెతుక్కునే ఓపిక ఉంది. శనివారం సాయంత్రం పిల్లలతో, తెలుగు మాత్రమే చదివే పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఇదే మాట గట్టిగా చెప్పలేను. ఫోటోలైతే చీటీ లేకపోయినా చాలావరకు అర్థమవుతాయి. కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళు మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ జరిగేటప్పుడు మొదలుపెడితే తేలిగ్గా ఉంటుందని నాకనిపిస్తుంది.

దసరాకు అమ్మ వస్తానంది. “మళ్ళీ పోదామా ఆడికి” అని తనే అడిగింది. అప్పుడు ఏ ప్రదర్శన ఉన్నా ముందు రోజు నేనొక్కదాన్నే వెళ్ళి, చీటీలన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో నోట్‌బుక్‌లో రాసుకొస్తాను.