మిర్చి ల్యాబ్‌లో కొనసాగడమా, ఎక్కువ జీతానికి కొనుగోళ్ల ఉద్యోగంలో చేరడమా: ఏది మేలు?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి గుంటూరులోని ఏదో ఒక ప్రైవేటు ఆహార పరీక్షల ల్యాబ్‌లో రెండేళ్లుగా పనిచేస్తున్నవారికి, మిర్చి సీజను మొదలవడానికి కాస్త ముందు ఎగుమతి సంస్థల నుంచి పిలుపు రావడం ఈ ఊళ్లో వింతేమీ కాదు. సరుకు మంచిచెడ్డలు తెలిసిన చదువుకున్న మనిషి కొనుగోళ్ల దగ్గర ఉంటే వారికీ లాభమే. ల్యాబ్‌లో నెలకు 24 వేలు చేతికి వస్తున్నాయని, అక్కడ 40 వేలు ఇస్తామన్నారని అనుకుందాం. ఇంట్లో అందరూ ‘ఇంకా ఆలోచన దేనికి’ అనే అంటారు.

ముందుగా ఆ 40 వేల సంగతి తేల్చుకోవాలి. అది చేతికి వచ్చే మొత్తమా, సీటీసీని, అంటే సంస్థ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చును, పన్నెండుతో భాగించగా వచ్చిన అంకెనా? సీటీసీయే అయి, అందులో బేసిక్ 20 వేలు అయితే, యజమాని వాటా పీఎఫ్ 12 శాతం కింద 2,400, గ్రాట్యుటీ పేరిట 4.81 శాతం కింద 962 రూపాయలు ఆ అంకెలోనే కలిసి ఉంటాయి. మన వాటా పీఎఫ్ మరో 2,400, వృత్తి పన్ను 200 కూడా పోగా చేతికి అందేది 34 వేల చిల్లర. పీఎఫ్ ఎటూ మన సొమ్మే కాబట్టి దాన్ని నష్టంగా చూడనక్కర్లేదు గానీ, పదహారు వేలు అనుకున్న తేడా నెల ఖర్చుల వరకు పది వేలే అవుతుంది. యార్డుకూ, కోల్డ్ స్టోరేజీలకూ, పల్లెల్లోని కల్లాలకూ తిరగడానికి పెట్రోలు ఎవరిదో కూడా అడగాలి. ఇంత తీసేసినా కొత్త ఉద్యోగంలోనే డబ్బు ఎక్కువ, సందేహం లేదు.

అసలు తేడా పనిలో ఉంది. కొనుగోళ్ల మనిషి ఉదయాన్నే యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పించి, లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి చూసి, తేమ ఎంతుందో, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో, రంగు నిలుస్తుందో లేదో నిమిషంలో తేల్చి ధర చెప్పాలి. ఇది చిన్న విద్య కాదు. దీన్ని చులకనగా చూసే ల్యాబ్ వాళ్లంటే నాకు గిట్టదు. ల్యాబ్‌లో అదే కాయ పొడిగా మారి, ద్రావకంలో కలిసి, శుద్ధి కాలమ్ దాటి, ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలోకి వెళ్తుంది. తెర మీద లేచిన చిన్న శిఖరాన్ని చూసి, బూజు వల్ల పుట్టే విషమైన అఫ్లాటాక్సిన్ బీ1 ఎంతుందో చెప్పాలి. ఐరోపా సమాఖ్య మిరపకు పెట్టిన హద్దు కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లకు 10. ఆ హద్దు దాటిన సరుకు రేవు దాటడం కష్టం. 2003లో మన మిరప ఉత్పత్తుల్లో సుడాన్ అనే, ఆహారంలో వాడకూడని కృత్రిమ రంగు ఐరోపాలో బయటపడి, పరీక్ష నివేదిక లేనిదే సరుకు రానివ్వబోమని వాళ్లు అన్న దగ్గర నుంచి మిర్చి ఎగుమతిలో ల్యాబ్ మాటకు బరువు పెరిగింది.

పదేళ్ల తర్వాత ఈ రెండు విద్యలూ ఎక్కడికి చేరుస్తాయన్నదే నా దృష్టిలో ముఖ్యం. కొనుగోళ్లలో ఆరితేరినవారికి రెండే దారులు కనిపిస్తాయి: సొంత పెట్టుబడితో వ్యాపారంలోకి దిగడం, లేదా ఆ సంస్థలోనే మేనేజరుగా ఎదగడం. మొదటిదానికి వెనకాల ఆస్తి కావాలి. రెండోది మిర్చి ధరతో పాటే ఊగుతుంది. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అటువంటి ఏడు ఇన్సెంటివ్ మీద ఆశ పెట్టుకోలేము. హెచ్‌పీఎల్‌సీ మీద చెయ్యి తిరిగినవారు మాత్రం మిర్చిని దాటి హైదరాబాదు, విశాఖ మందుల కంపెనీలకో, రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూసే భీమవరం, నెల్లూరు ల్యాబ్‌లకో వెళ్లగలరు.

దానికి తోడు, 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఫుడ్ ఎనలిస్టు కావాలంటే, తగిన పీజీ డిగ్రీతో పాటు ఆహార విశ్లేషణలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండి, పరీక్ష నెగ్గాలి. నమూనాల నివేదిక మీద సంతకం చేసే అధికారం ఆ ఎనలిస్టుది. రెండేళ్లు పూర్తిచేసినవారు ఇప్పుడు వెళ్లిపోతే, ఒక్క ఏడాది దూరంలో ఆ అర్హతను వదులుకున్నట్టే. అందుకే వారికి నా సలహా, ల్యాబ్‌లోనే ఉండమని.

అయితే దీనికి ఒక షరతు ఉంది. రెండేళ్లుగా నమూనాలు దంచి, తూచి, సీసాల్లో పోసి ఇవ్వడమే తప్ప యంత్రం ముట్టనివ్వని ల్యాబ్‌లు కూడా ఉన్నాయి. అక్కడ మూడో ఏడూ మొదటి ఏడులాగే గడుస్తుంది; పై అధికారిని అడిగినా పని మారకపోతే, ఎక్కువ జీతానికి వెళ్లడమే మేలు. తండ్రి చేసిన అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ నెలనెలా కడుతున్న ఇంట్లో కూడా పది వేలు ముందు, పరీక్ష తర్వాత. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఉండదలచినవారు ఆఫర్ కాగితాన్ని యజమానికి చూపించి జీతం పెంచమని అడగవచ్చు. సీజను ముందు మనిషిని పోగొట్టుకోవడం ఆయనకూ ఇష్టం ఉండదు. వెళ్లేవారు మాత్రం రిలీవింగ్ లెటర్‌తో సరిపెట్టుకోకుండా, ఏయే ఆహార పదార్థాలను, ఏయే పరీక్షలతో, ఎంతకాలం స్వయంగా విశ్లేషించారో వివరంగా రాయించిన అనుభవ ధ్రువపత్రం తీసుకోవాలి. మళ్లీ ఈ వైపు రావాలనుకున్న రోజున ఆ రెండేళ్లనూ లెక్కలో చూపించడానికి ఆధారం ఆ కాగితమే.